సగం తెల్లని ఆకు

పోయిన వారం కృపారాణిని సుబ్బాయమ్మగారి వంటగది గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. కళ్ళు మాత్రం ఫ్రిజ్జు నెత్తిన ఉన్న మనీప్లాంటు కుండీని వదలడం లేదు.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కృపారాణి తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. ఒక్క పడగ్గది ఉన్న అద్దె ఫ్లాటులో ఉంటుంది. మూడో అంతస్తు. ఇంట్లో మనిషి ఒక్కతే గానీ కిటికీకి పట్టినన్ని కుండీలున్నాయి. ఆ అపార్టుమెంటులో ఎవరింటి మొక్క తల వేలాడేసినా కబురు ఆమెకే వస్తుంది. ఎవరైనా కొత్తగా మొక్క కొంటానంటే, "ముందు మీ కిటికీ చూపించండి, మొక్క సంగతి తర్వాత చూద్దాం" అంటుంది. షాపులో పచ్చగా కనిపించిందని తెచ్చేసుకుని ఇంట్లో టీవీ వెనక చీకట్లో పెట్టేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళుమంట.

ఈ నెలాఖరున ఆమె పెళ్ళి. పెళ్ళికొడుకు బెన్నీ, వడ్లమూడిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాడు. మంచివాడు. చర్చి పెళ్ళంటే మీకు తెలుసుగా, మూడు ఆదివారాలు వరసగా పాస్టరుగారు అందరి ముందూ ప్రకటన చదవాలి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అడగాలి. కృపారాణి సొంతూరు బాపట్లలో, వాళ్ళ చర్చిలో రెండుసార్లు చదివేశారు. మూడోది రేపు. చిక్కంతా అక్కడే వచ్చింది. "అక్క ఎక్కడుందో తెలియకుండా నేను పెళ్ళి చేసుకోను. మూడో ప్రకటన నాటికి తెలియకపోతే నా పెళ్ళికి నేనే లేచి అభ్యంతరం చెబుతాను" అని కృపారాణి వాళ్ళమ్మ ఫ్లోరెన్స్ టీచరు మొహం మీదే చెప్పేసింది. అన్నంత పనీ చేసే పిల్ల. బెన్నీకి అన్నం సయించడం లేదు.

అక్క పేరు ప్రేమకుమారి. రాజీవ్ అనే రైతుబిడ్డని ఇంట్లో చెప్పకుండా రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. నా గడప తొక్కొద్దంది తల్లి. బట్టల సంచీ ఒక చేత్తో, వరండాలోంచి తుంచుకున్న మనీప్లాంటు తీగ ఒక చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది అక్క. ఆ తర్వాత ఫోను నంబరు కూడా మారిపోయింది. ఎప్పుడడిగినా ఫ్లోరెన్స్ టీచరుది ఒకటే మాట. "అదెక్కడుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు."

ఇదిగో, ఆ తీగ ఆకే ఇప్పుడు సుబ్బాయమ్మగారి ఫ్రిజ్జు మీద కనిపించింది.

"ఏంటమ్మాయ్, అట్టా కొయ్యబారిపోయావు? బతకదా ఏంటి?" అంది సుబ్బాయమ్మ.

కృపారాణి ముందుకెళ్ళి కుండీ కిందికి దించింది. చాలా ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి. కొసన వచ్చిన కొత్త ఆకు మామూలు పచ్చది. నడుమ మాత్రం రెండు ఆకులు, ఈనెకి ఇటుపక్క ముదురాకుపచ్చ, అటుపక్క పాలతెలుపు, ఎవరో గీత గీసి రంగు వేసినట్టు ఉన్నాయి. ఆమె వాటిలో ఒక ఆకుని రెండువేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

తెల్ల మచ్చలున్న మనీప్లాంట్లు సందుకొకటి దొరుకుతాయి. ఇలా సరిగ్గా సగానికి సగం ఉండేది మాత్రం ఆమెకి తెలిసి ఒక్కటే. బాపట్లలో వాళ్ళ వరండాలో ఒక తీగ తనంతట తానే ఒకరోజు ఇలా మొదలెట్టింది. దాన్ని నిలబెట్టుకోవడం తేలిక కాదు. వదిలేస్తే పచ్చగా తిరిగిపోతుంది. తిరిగినప్పుడల్లా సగం తెల్లగా ఉన్న ఆకు దాకా వెనక్కి కత్తిరించుకుంటూ రావాలి. వెలుతురూ బాగా ఉండాలి. కృపారాణి తన ఫ్లాటుకి తెచ్చుకున్న ముక్క వెలుతురు చాలక ఒక్క ఏడాదిలో పచ్చగా మారింది. అక్క వెళ్ళాక ఫ్లోరెన్స్ టీచరు కత్తెర ముట్టుకోలేదు, వరండాలో తల్లితీగ కూడా పచ్చబడిపోయింది. కృపారాణి దానికోసం కడియం నర్సరీల దాకా వెళ్ళి వెతికింది. ఎక్కడా లేదు. ఇక మిగిలింది అక్క పట్టుకెళ్ళిన తీగ ఒక్కటే.

"పిన్నిగారూ, ఈ మొక్క ఎక్కడిదండి?"

సుబ్బాయమ్మ మొహం చిన్నబోయింది. "ఎక్కడిదైతే ఏంటమ్మా, మొక్క మొక్కేగా. ముందు ఆకులెందుకు పండిపోతున్నాయో అది చూడు."

"కొన్నారా?"

"మనీప్లాంటుని కొంటారా ఎవరైనా?" అనేసి నాలిక్కరుచుకుంది.

కొనరు. ఆ మాట నిజమే. కొన్న మనీప్లాంటు కలిసిరాదు, అడిగి తెచ్చుకున్నదీ అంతంత మాత్రమే. ఎవరూ చూడకుండా తుంచుకొచ్చిందే ఇంటికి కలిసొస్తుందని మన ఆడవాళ్ళ నమ్మకం. జన్మలో పక్కవాళ్ళ చేలో గడ్డిపరక ముట్టని మనిషి కూడా ఈ ఒక్క తీగ కనబడితే అటూ ఇటూ చూస్తుంది. సుబ్బాయమ్మ కొల్లూరు దగ్గర ఆసామీ ఇంటి కోడలు. పొలం కౌలుకిచ్చి కొడుకు అనుదీప్ దగ్గరకొచ్చి ఈ రెండో అంతస్తు ఫ్లాటులో ఉంటోంది. పెట్టడమే గానీ ఒకరి సొమ్ము ఆశించడం ఎరగని చెయ్యి ఆమెది. ఆ చెయ్యే తీగ తుంచింది.

"ఎవరింట్లో తుంచారండి?"

"అది మాత్రం అడక్కు తల్లీ, చెప్పకూడదు. ఎవరింటిదో పైకి చెప్పామంటే మనకి కలిసొచ్చిందంతా తిరిగి వాళ్ళింటికి పోద్ది."

"నాకు చాలా అవసరమండి."

"ఎంత అవసరమైనా సరే." సుబ్బాయమ్మ గొంతు గట్టిపడింది. హాల్లోకి ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించింది. "నీకు తెలియందేముంది. మా కోడలు సాయి ప్రియ ఎన్నేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగింది? ఈ తీగ ఇంట్లోకొచ్చిన నెల్లోనే నెల తప్పింది. ఇప్పుడు ఏడో నెల. రెండు వారాల నుంచీ ఇది ఆకు పండిపోతోంది, నాకు కంటిమీద కునుకు లేదు. ఇది పోతే నా పిల్లకేమన్నా అవుద్దేమోనని భయం. అందుకే నిన్ను పిలిచాను. ఇప్పుడు గుట్టు కూడా విప్పమంటే నా వల్ల కాదమ్మా."

ఆ మాటలు వినబడ్డాయో ఏమో, సాయి ప్రియ సోఫాలోంచి లేచి నెమ్మదిగా వచ్చింది. "ఏంటత్తయ్యా ఇది? చెబితే ఏమవుద్ది? ఈ రోజుల్లో కూడా ఇవన్నీ ఏంటి?" అని నవ్వింది. నవ్వుతూనే చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదల్లేదు.

కృపారాణి అది చూసింది. మొక్కకి వచ్చిన జబ్బేమిటో కుండీ బరువు చేతికి తగలగానే ఆమెకి తెలిసిపోయింది. 'మీరు చెప్పండి, నేను బతికిస్తాను' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అంటే సుబ్బాయమ్మ చెప్పేసేదే. రేపు చర్చిలో లేచి నిలబడాల్సిన అవసరమూ తప్పేది. కానీ భయపడుతున్న మనిషి మెడ మీద కత్తి పెట్టి అక్క అడ్రసు రాబట్టడం కృపారాణి వల్ల కాలేదు. తన మీద తనకే చిరాకేసింది.

"ముందు ఒక పాత పేపరు పరవండి" అంది.

ముగ్గురూ వంటగది నేల మీద చేరారు, సాయి ప్రియ స్టూలు మీద, మిగతా ఇద్దరూ కింద. కృపారాణి కుండీని ఒరగదీసి అడుగు చూసింది. నీళ్ళు పోవాల్సిన బొక్కలో బూడిదరంగు ముద్ద గట్టిపడి ఉంది.

"ఇదేంటండి? ఎం-సీల్ ముద్దా?"

"ఆఁ. నేనే పెట్టాను. నీళ్ళు కారి ఫ్రిజ్జులోకి దిగితే షాకు కొడుతుందన్నాడు అనుదీపు. కుళాయి కారుతుంటే పెట్టగా మిగిలింది ఉంటే దీనికి అంటించా."

"మరి కుండీ ఫ్రిజ్జు మీదే ఎందుకు?"

"ఆగ్నేయంలో పెట్టాలి కదమ్మా మనీప్లాంటు! ఈ ఫ్లాటుకి ఆగ్నేయం అంటే ఇదే మూల."

పల్లెటూరి లోగిలికి ఆగ్నేయం మూల బోలెడంత జాగా ఉంటుంది, వెలుతురుంటుంది. ఈ ఫ్లాటుకి ఆగ్నేయంలో గ్యాసు పొయ్యి ఉంది. దాని సెగ, తాలింపు పొగ, పైన ట్యూబులైటు. కృపారాణికి నవ్వు ఆగలేదు. "పోసే నీళ్ళు ఏవండి?"

"ఉత్త నీళ్ళు ఎందుకు పోస్తాను? పొద్దున బియ్యం కడుగు, పాలగిన్నె తొలిచిన నీళ్ళు. సాయంత్రం పప్పు కడిగినవి. అమ్మాయికి ఎంత బలం కావాలో దానికీ అంతే కదా" అంది సుబ్బాయమ్మ గర్వంగా.

సాయి ప్రియ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నాకూ అంతే, కృపా. రెండు పూటలా గొంతు దాకా."

కృపారాణి మొక్కని మట్టితో సహా పేపరు మీదకి దింపింది. పులిసిన పిండి కంపు గుప్పుమంది. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి పట్టుకుంటే జారిపోతున్నాయి. సుబ్బాయమ్మ "అయ్యో దేవుడా" అంది.

"మీది ప్రేమేనండి, కాదన్ను. కానీ ఇది ఆకలితో చావట్లేదు, అజీర్తితో చస్తోంది. పోసిన నీళ్ళు పోయే దారి లేదు, వేరుకి గాలి లేదు. ఫ్లాటుల్లో మొక్కలు సగం ఇలాగే పోతాయి. వేలు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజుకి ఊరుకోండి. అంతే."

కత్తెర తెమ్మని, అంచుల్ని వేణ్ణీళ్ళతో కడిగి, కుళ్ళిందంతా కోసి పారేసింది. సగం తెల్లని ఆకులున్న కాండం ముక్క ఒకటి గట్టిగా మిగిలింది. దాన్ని గాజు గ్లాసులో మామూలు నీళ్ళు పోసి నిలబెట్టింది. తెల్లభాగం ఎక్కువున్న ఆకు తన తిండి తాను సరిగ్గా వండుకోలేదు, దానికి వెలుతురు కావాలి, అది దొరక్కే కొత్త ఆకు పచ్చబడిందని చెప్పింది. ఇంకో రెండు నెలలు ఆ ఫ్రిజ్జు మీదే ఉంటే ఈ ఆకులూ రాలిపోయేవి, తను దీన్ని గుర్తుపట్టేదీ కాదు. ఆ సంగతి మాత్రం పైకి అనలేదు.

"ఇక నుంచి తూర్పు బాల్కనీలో, గ్రిల్లు లోపల పెట్టండి. పొద్దుటి ఎండ చాలు."

"మరి ఆగ్నేయం?"

"బాల్కనీకీ ఒక ఆగ్నేయం మూల ఉంటుంది కదండి. వాషింగ్ మిషను పక్కన. అక్కడ పెట్టండి."

సుబ్బాయమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "బతుకుద్దా?"

"బతుకుతుందండి. ఇటు రా సాయీ, ఈ కణుపు దగ్గర చూడు. చిన్న బుడిపె ఉందా? అది వేరు కాబోతోంది."

సాయి ప్రియ వంగలేక వంగి చూసింది. చూసి, "ఉంది, అత్తయ్యా. నిజంగా ఉంది" అంది. ఆ ఒక్క మాటకి సుబ్బాయమ్మ కళ్ళు తుడుచుకుంది.

కృపారాణి చేతులు కడుక్కుని వచ్చింది. వెళ్ళిపోదామనుకుంది గానీ గుమ్మం దగ్గర ఆగిపోయింది. "పిన్నిగారూ, మీరు చెప్పొద్దు. నేను చెప్పేది వినండి చాలు. అది మా అక్క తీగండి. ఇలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. అక్క ఉందో లేదో కూడా నాకు తెలియదు. రేపు చర్చిలో నా పెళ్ళి చివరి ప్రకటన. అక్క కబురు తెలియకపోతే నేనే లేచి వద్దని చెబుతానని అమ్మతో పంతం పట్టాను. ఇప్పుడు భయమేస్తోంది" అంది. అంటుండగానే ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలని కూడా చూడలేదు.

సుబ్బాయమ్మ దిక్కు తోచనట్టు కోడలి వైపు చూసింది, మొక్క ఉన్న గ్లాసు వైపు చూసింది. ఒక నమ్మకాన్ని కాదనలేక, ఎదురుగా ఉన్న పిల్ల ఏడుపు చూడలేక నలిగిపోయింది. ఉన్నట్టుండి లేచి లోపలికెళ్ళి ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీతో బయటికొచ్చింది.

"చెప్పనంటే చెప్పనమ్మాయ్. కానీ రేపల్లెలో మా పెదనాన్న కూతుర్ని చూసొచ్చే పనుంది నాకు. ఒంటరిగా రైలెక్కలేను. తోడొస్తావా? దారిలో నేను ఎక్కడన్నా కాసేపు నిలబడితే నువ్వూ నిలబడు. నోటితో చెప్పకూడదన్నారు గానీ, కాళ్ళతో నడవకూడదని ఏ పెద్దవాళ్ళూ అనలేదు."

సాయి ప్రియ చప్పట్లు కొట్టింది. కృపారాణి ఏడుపు మధ్యలోనే నవ్వేసింది.

రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. వేమూరు దాటాక పసుపు చేలు, అరటి తోటలు వెనక్కి పోతున్నాయి. సుబ్బాయమ్మకి ప్రాణం కుదుటపడింది, నోరు ఊరుకోవడం లేదు. పడగ్గదిలో ఏ మొక్క పెట్టుకోవచ్చు, బాత్రూములో ఏది బతుకుద్ది, పుట్టబోయే పిల్ల నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేనిది ఏది అని ఒకటే ప్రశ్నలు. మనీప్లాంటు ఆకు నమిలితే నోరు పొక్కుతుంది, పసిపిల్లకి అందకుండా ఎత్తున పెట్టాలి, కింద పెట్టుకోవడానికి స్పైడర్ ప్లాంటు మంచిది అని కృపారాణి జవాబులు చెబుతోంది. సగం మనసు అందులో లేదు. అమ్మకి ఫోను చేద్దామా అని ఒకసారి అనుకుంది. శనివారం కదా, చర్చిలో స్త్రీల సమాజం కూడికలో ఉంటుంది, ఫోను తియ్యదు. తీసినా ఏం చెప్పాలి? ముందు అక్కని చూడాలి. తర్వాత అమ్మని ఒప్పించడం. ఆ రెండోదే కష్టమనుకుంది.

భట్టిప్రోలు వచ్చింది, వెళ్ళింది. రేపల్లెలో దిగి ఆటో ఎక్కారు. ఒక సందు మొదట్లో సుబ్బాయమ్మ ఆటో ఆపించి, నాలుగడుగులు వేసి, మోకాలు నొప్పి అన్నట్టు ఒక మేడ ఎదురుగా నిలబడిపోయింది. కింద టైలరు కొట్టు, పక్కగా పైకి మెట్లు. పెదనాన్న కూతురి ఇల్లు ఆ పక్కదేనని, ఆవిడ మనవడి అన్నప్రాసనకి వచ్చినప్పుడు పిలుపుకని ఈ మెట్లెక్కితే చెయ్యి ఊరుకోలేదని ఎవరితోనూ కానట్టు గొణిగింది.

కృపారాణి తలెత్తి చూసింది. పై వాటా కిటికీ గ్రిల్లు నిండా తీగ పాకి ఉంది. ఆకులన్నీ సగం తెల్లవి. వెతికినా ఒక్క పచ్చాకు లేదు. ఎవరో వారం వారం కూర్చుని, ఓపిగ్గా వెనక్కి కత్తిరిస్తూ వస్తే తప్ప ఆ తీగ అలా ఉండదు. అక్కకి ఇంత ఓపిక ఎప్పుడొచ్చిందో అనుకుంది. చిన్నప్పుడు అక్క జడ అల్లుకునేటప్పుడు కూడా చివరిదాకా అల్లేది కాదు.

"నువ్వెళ్ళమ్మా. నేను రాను. తుంచిన గుమ్మం నేను మళ్ళీ ఎక్కకూడదు" అంది సుబ్బాయమ్మ.

కృపారాణి మెట్లెక్కింది. ఏం మాట్లాడాలో ఒక్క మాటా సిద్ధంగా లేదు. పెళ్ళికి రమ్మనాలా, ఇన్నాళ్ళూ ఎందుకు పలకలేదని పోట్లాడాలా? ముందు వాటేసుకుంటే సరిపోతుందనుకుంది. తలుపు తట్టింది.

లోపల అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

ఎదురుగా ఫ్లోరెన్స్ టీచరు నిలబడి ఉంది. పోయిన క్రిస్మస్‌కి కృపారాణి కొనిచ్చిన ఈపురుపాలెం నేతచీర కట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, సొంత ఇంట్లో పనిలో ఉన్న మనిషిలా ఉంది. చేతిలో కత్తెర ఉంది.

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఫ్లోరెన్స్ టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరమ్మా?" అంది లోపలి గదిలోంచి ఒక గొంతు. నీరసంగా ఉంది గానీ పొరపాటు పడేందుకు లేదు. అది అక్క గొంతే. కృపారాణి నోరు తెరిచింది. అక్కా అనబోయింది.

ఫ్లోరెన్స్ టీచరు కళ్ళు కృపారాణి మీదనుంచి తిప్పకుండానే, గొంతు మాత్రం లోపలికి వినబడేలా ఎత్తి, "ఎవరూ కాదమ్మా. అడ్రసు తప్పి వచ్చారు" అని చెప్పింది. చెప్పి, కన్నకూతురి మొహం మీద తలుపు వేసింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.